పాత టీపాటు: ఆనవాలును, వెలయును

పాతసామానుల అంగడిలోనో, వేలములో ఎవరికిని పట్టక మిగిలిన గంపలోనో, గతించిన పెద్దల యింటి అలమారులోనో దొరకిన టీపాటు నొకదానిని చేతబట్టినవారికి రెండు ప్రశ్నలు వెంటనే స్ఫురించును. ఇది యేమిటి? ఇది యెంత చేయును? ఈ రెండింటిలో రెండవదానియందే జనులకు ఆతురత హెచ్చు. కాని మొదటిదానికి సమాధానము కుదిరినగాని రెండవదానికి సమాధానము పుట్టదు. ఆనవాలు పట్టక అమ్మబూనినవాడు తాను నష్టపడుటయేగాక, చేతనున్నది యేమో తెలియకయే ఒక చరిత్రశకలమును రూపుమాపుటకు కూడ కారకుడు కావచ్చును. ఈ విషయమున పరిశీలకులు అవలంబించిన మార్గములేవి, అందు దేనిని ఎంతవఱకు నమ్మదగును, తుదకు వెలను నిర్ణయించు హేతువులేవి యని క్రమముగా సమీక్షించుట ఈ వ్యాసమున కుద్దేశ్యము.

ఆనవాలునకును వెలకును గల సంబంధమెంత గాఢమైనదో ఇటీవలి ఉదంత మొకటి స్పష్టపఱచుచున్నది. 2016లో ఇంగ్లండునందు జరిగిన యొక వేలములో నీలిరంగు ముద్రాచిత్రములు గల చిన్న పింగాణి టీపాటు 15 పౌండ్లకు పోయెను. దానికి మూత లేదు. పిడి విరుగగా ఎవరో అతికించియుండిరి. 2018 ఫిబ్రవరిలో సాల్స్‌బరీ పట్టణమునందలి వులీ అండ్ వాలిస్ వేలశాలలో ఆ పాత్రయే, వేలశాల రుసుముతో గూడ, 5,75,000 పౌండ్లు పలికి న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియమునకు చేరెను. ఈ నడుమ పాత్రయందు మార్పేమియు కలుగలేదు. మారినదెల్ల దానినిగూర్చి మనుష్యుల కున్న జ్ఞానమే. 1760లలో స్టాఫర్డ్‌షైరునుండి అమెరికాకు వలసపోయి, దక్షిణ కెరొలైనాలోని కేన్‌హాయ్ యను చోట బట్టీ పెట్టిన జాన్ బార్ట్‌లమ్ అను కుమ్మరి చేతిపని యది యని, అచటి త్రవ్వకములలో బయల్పడిన పెంకులతో సరిపోల్చి నిపుణులు నిశ్చయించిరి. కొంగల జంటతోపాటు దానిపై ముద్రింపబడిన పామెటో తాళవృక్షము ఆ సీమకు చిరపరిచితమైన చెట్టు. అమెరికాలో తయారైన పింగాణి టీపాట్లలో నేటికి తెలిసినంతలో అదియే ప్రాచీనమైనది. మన్నును, పూతను, బొమ్మను ఓపికతో పరిశీలించుటవలన సమకూడిన ఫలమిది.

ఆనవాలు పట్టదలచినవారు ఈ పాత్ర పుట్టుపూర్వోత్తరములను కొంతయైన నెఱిగియుండవలెను. చీనాలో తేయాకును అచ్చులుగా నొత్తి, పొడిచేసి, గిన్నెలో గిలకొట్టి త్రాగుచున్నంతకాలము టీపాటుతో పని లేకుండెను. 1391లో మింగు వంశస్థాపకుడైన హోంగ్వూ చక్రవర్తి అచ్చుతేయాకు కప్పమును మాన్పి విడి ఆకునే సమర్పింపవలెనని శాసించుటతో, ఆకును వేడినీట నానవేయు పద్ధతి బలపడి, అందులకు దగిన పాత్ర యావశ్యకమయ్యెను. జియాంగ్సు రాష్ట్రమునందలి యీషింగ్ పట్టణపు కుమ్మరులు 16వ శతాబ్దిలో ఊదామట్టితో చేసిన చిన్నచిన్న టీపాట్లు ఈ యవసరమునుండి ప్రభవించినవే. 1610 ప్రాంతమున డచ్చివారు తేయాకును యూరపునకు కొనిపోయిరి. క్రమముగా ఆకు వెంట పాత్రయు పోయెను. 1690లలో ఎలర్స్ సోదరులు స్టాఫర్డ్‌షైరు ఎఱ్ఱమట్టితో యీషింగ్ పనిని అనుకరించిరి. జర్మనీలో బోట్గర్ తొలుత ఎఱ్ఱని గట్టిమట్టి పాత్రలను, పిదప నిజమైన పింగాణిని సాధింపగా 1710లో మైసెన్ కర్మాగారము వెలసెను. తేయాకు మిక్కిలి ప్రియమైయున్న ఆ దినములలో టీపాటు అరచేత నిముడునంత చిన్నది. ఇంగ్లండులో 1784 నాటి శాసనముచే తేయాకుపై పన్ను నూటికి 119 నుండి 12½కు దిగి, ఆకు చవుకయై సామాన్యుల యిండ్ల కెక్కినకొలది పాత్రయు పెరిగెను. కావున పరిమాణము సయితము కాలసూచకమే.

ఇక ఆనవాలు పట్టు మార్గములను మూడు తెగలుగా విభజింపవచ్చును: అడుగుననున్న ముద్రను చదువుట, ఆకారమునుబట్టి కాలమును నిర్ణయించుట, ద్రవ్యమును పనితనమును పరీక్షించుట. మొదటిది సులభమైనది కావున అత్యధికులు దానినే యాశ్రయింతురు. అది నిష్ఫలమైనదని చెప్పరాదు. విక్టోరియా కాలపు ఇంగ్లీషు పాత్రల యడుగున కొన్నింట వజ్రాకారమైన చిహ్నము కనబడును. 1842 మొదలు 1883 వఱకు ఆకృతులను ప్రభుత్వమువారియొద్ద నమోదు చేయించినపుడు ఇచ్చిన గుర్తు అది. దాని నెత్తిమీది వృత్తములో రోమను లిపిలో నాలుగవ అంకెయున్న యెడల ఆ వస్తువు మట్టి లేక పింగాణి తెగకు చెందినదని యర్థము. కోణములయందలి అక్షరములు నమోదైన సంవత్సరమును, నెలను తెలుపును. 1867 వఱకు సంవత్సరాక్షరము శిఖరమునందును, 1868 నుండి కుడికోణమునందును ఉండుట గమనింపవలెను. 1884 నుండి వజ్రచిహ్నమునకు బదులు వరుససంఖ్య వచ్చెను. ఐతే ఈ గుర్తులు తెలుపునది ఆకృతి నమోదైన దినమునేగాని పాత్ర బట్టీనుండి వెలువడిన దినమును గాదు. ఒకే యాకృతిని ఏండ్ల తరబడి తయారుచేయుచుండిరి.

దేశనామములును ఇట్టి సహాయమునే చేయును. అమెరికాలో 1890లో చేసిన మెకిన్లీ సుంకశాసనము మఱుసటి యేట అమలులోనికి వచ్చి, అచటికి దిగుమతియగు ప్రతి వస్తువుపైనను పుట్టినదేశపు పేరుండవలెనని నిర్బంధించుటచే, కేవలము ఇంగ్లండ్ అను పేరు గల పాత్ర సాధారణముగా 1891 తరువాతిది. ఇంగ్లండులో తయారైనదను పూర్తివాక్యము గలది బహుళముగా 20వ శతాబ్దిది. జపాను పాత్రలపై నిప్పాన్ అను పేరు 1921 వఱకు చెల్లి, పిదప జపాన్ అను పేరే తప్పనిసరియయ్యెను. ఆక్రమిత జపాన్ అను ముద్ర రెండవ ప్రపంచయుద్ధము ముగిసినపిమ్మట 1952 వఱకు గల కొద్దియేండ్లను పట్టియిచ్చును. ఇంగ్లండులోని వెడ్జ్‌వుడ్ కర్మాగారమువారు 1860 నుండి మూడక్షరముల సంకేతమును మట్టిలోనే యదిమి తయారైన నెలను, సంవత్సరమును తెలిపిరి. ఇట్టివి దొరకినపుడు పరిశోధన సగము తీరినట్లే.

కాని ముద్ర సాక్షియేగాని న్యాయాధిపతి కాదు. చీనాలో 1662 నుండి 1722 వఱకు ఏలిన కాంగ్‌షీ చక్రవర్తి కాలపు పాత్రలపై, రెండువందల యేండ్లకు పూర్వుడైన చెంగ్హువా చక్రవర్తి పేరు వ్రాయుట సర్వసాధారణము; అది మోసము కొఱకు గాక పూర్వులయెడ గౌరవముచే చేసినది. నేడు మాత్రము అట్టి రాజముద్రలను మోసమునకే వినియోగించుచున్నారు. పారిసులో శాంసన్ కుటుంబమువారు 19వ శతాబ్దిలో మైసెన్, ఉస్టరు, చీనా పాత్రల నన్నింటిని అచ్చొత్తినట్లు అనుకరించిరి. స్టాక్టన్ పట్టణపు విలియం స్మిత్ సంస్థవారు వెడ్జ్‌వుడ్ పేరులో అక్షరమొకటి యధికముగ చేర్చి ముద్రించుచుండగా, 1848లో న్యాయస్థానము వారిని నిషేధింపవలసివచ్చెను. వీనికి తోడు, 18వ శతాబ్దపు ఇంగ్లీషు మట్టిటీపాట్లలో అధికభాగమునకు ముద్రయే లేదు. ముద్రనే నమ్మువాడు ముద్రగల నకిలీని పూజించి, ముద్రలేని నిజమును పారవేయును.

రెండవది ఆకారమార్గము. ఇంగ్లీషు వెండిపనిలో 18వ శతాబ్ది మొదట బేరిపండు వంటి రూపమును, తరువాత గుండ్రని తుపాకిగుండు వంటి రూపమును, 1780 ప్రాంతమున నిటారుగోడలును తిన్నని కొమ్మును గల అండాకారమును, 1830 ప్రాంతమున పుచ్చకాయవలె చారలుదీరిన ఉబ్బురూపమును ప్రబలెను. పింగాణివారును వెండివారిని చూచియే మలచిరి. ఐనను విక్టోరియా కాలమువారు పూర్వపు రూపముల నన్నింటిని పునరుద్ధరించిరి కావున, ఆకారము ఇంతకు ముందుది కాదని చెప్పగలదుగాని ఇంతకు తరువాతిది కాదని చెప్పజాలదు. లండనులోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియములో 1670 నాటి వెండి టీపాటు కలదు. పొడవై, పైకి పోనుపోను సన్నగిల్లిన దాని రూపము చూచినవారెల్ల అది కాఫీపాత్రయనియే తలంతురు. బర్క్‌లీ ప్రభువు ఈ వెండి టీపాటును ఈస్టిండియా కంపెనీవారికి బహూకరించెనని దాని దేహముపై చెక్కియుండుటచేతనే అది టీపాటని లోకమునకు తెలిసినది. రూపము స్థిరపడకముందు పుట్టిన వస్తువునకు రూపము ప్రమాణము కానేరదు గదా!

ఐతే రూపముచేతనే గుర్తింపదగిన పాత్రలును కొన్ని కలవు. మూత పంపువలె పనిచేసి టీని తానై పోయునట్టి రాయిల్ యంత్రపాత్ర 1886లో పేటెంటు పొందినది; వెడ్జ్‌వుడ్ వారు 20వ శతాబ్ది తొలినాళ్ల చేసిన, వెల్లకిల పరుండబెట్టి ఆకు నానవేయు పాత్రయు, ఓడలలో దొర్లిపోకుండుటకై చేసిన ఘనచతురస్రపు టీపాటును ఇట్టివే. వీని విషయమున రూపమే చిరునామా. చర్చ కవకాశము లేదు.

మూడవదియు, నా తలంపున ముఖ్యమైనదియు, ద్రవ్యపరీక్ష. పాత్రను కిటికీకెదుట పట్టి లోపల వ్రేలు పెట్టినపుడు వ్రేలినీడ తెలిసినచో పింగాణి, తెలియనిచో మట్టి లేక దళసరి పనితనము. వ్రేలిగోటితో మెల్లగా మీటినపుడు ఖంగుమని మ్రోగినచో బీట లేదనియు, గరగర బొంగురుపోయినచో కంటికి కానరాని నెఱ్ఱె కలదనియు ఊహింపవచ్చును. పిదప పాత్రను బోర్లించి అడుగుచుట్టునున్న అంచును భూతద్దముతో చూడవలెను. గ్లేజుపూత కాల్చునపుడు కరిగి, అంచు గోడను కలియు మూలలో చిక్కగా నిలుచును; దేహమంతట తెల్లగా తోచు పూత యచ్చట తన నిజవర్ణమును దాచజాలదు. ఆ మూలలో ఆకుపచ్చ కలిసిన పసుపు కనబడినచో 1760 తరువాత వెడ్జ్‌వుడ్ మొదలైనవారు ప్రచారమునకు తెచ్చిన మీగడవన్నె మట్టిపాత్ర యనియు, నీలము కనబడినచో 1780 ప్రాంతమునుండి వ్యాపించిన ముత్యపువన్నె పాత్ర యనియు చెప్పవచ్చును. ముద్ర చెప్పనిదానిని ఈ ఒక్క బొట్టు పూత చెప్పును. అడుగున మూడు చిన్న మచ్చలు త్రిభుజాకృతిగా నున్నచో అవి బట్టీలో పాత్రను నిలిపిన మొనల గుర్తులు. అంచున పూత లేనిచోట శతాబ్దుల వాడుకవలన కలిగిన అరుగుదల ఒకచోట హెచ్చుగను ఒకచోట తగ్గుగను ఉండును; నకిలీవాడు ఇసుకకాగితముతో రుద్దినది అంతట నొకేరీతిగ ఉండును. బీటలలోని గోధుమరంగును సయితము టీలో ఉడికించి కల్పింపవచ్చును గనుక, మరకను చూచి వయస్సు చెప్పుట సాహసము.

యీషింగ్ పాత్రలకు గ్లేజుపూత యుండదు. వానిని ప్రాచీనులు సారెపై త్రిప్పి చేసినవారు కారు. మట్టిని పలకలుగా చఱచి, చుట్టి, అతికి మలచిరి. కావున దేహములోపల, పిడివైపున, అతుకు జాడ నిలువుగా కానవచ్చును. కొమ్ము మొదటనున్న వడపోత బెజ్జములను తప్పక చూడవలెను: పాతవానికి ఒకే పెద్దరంధ్రమో, చేతితో పొడిచిన కొన్ని చిల్లులో యుండును, లోపలికి ఉబ్బిన బంతివంటి వడపోత యున్నచో అది 1970ల తరువాతి పని. అడుగున, మూతలోపల, పిడిక్రింద ఎవరి ముద్రయున్నను ఈ యొక్క సాక్ష్యమును త్రోసివేయజాలదు.

లోహపాత్రల తీరు వేఱు. ఇంగ్లీషు వెండిపై సింహము 1544 నుండి నూటికి 92.5 పాళ్ల శుద్ధిని తెలుపుచున్నది. చిఱుతపులి తల లండనును, 1773 నుండి లంగరు బర్మింగ్‌హామును, కిరీటము షెఫీల్డును సూచించెను. వెంట సంవత్సరాక్షరమును, పనివాని గుర్తును నుండును. 1784 నుండి 1890 వఱకు పన్ను చెల్లినదనుటకు రాజు లేక రాణి తలయు కొట్టబడెను. మూతపైని గుర్తులు దేహముపైని గుర్తులతో కలియుచున్నవో లేదో చూడవలెను. కలియనిచో ఒకదాని మూత మఱియొకదానికి జోడింపబడినదని యనుమానింపవలెను. పాత్రపై నోటి ఆవిరి నూదిన యెడల ఆ తడి యారులోపల, మాటువేసిన చోటును, చెరిపివేసిన పేరును ఒకక్షణము తేలి కనబడుట అనుభవజ్ఞు లెఱిగినదే. రాగిరేకుపై వెండిరేకు నతికి సాగగొట్టు షెఫీల్డు పద్ధతి 1740లలో థామస్ బౌల్సోవర్ కనిపెట్టినది. అరిగిన మూలలలో రాగి ఎఱ్ఱగా తొంగిచూచును. 1840లో ఎల్కింగ్టన్ వారు విద్యుత్తుచే వెండిపూత వేయు పద్ధతికి పేటెంటు పొందిన పిమ్మట, జర్మన్‌సిల్వరుపై వెండిపూత గల చవుకపాత్రలు లోకమంతట నిండెను. వానిపై ఇ.పి.ఎన్.ఎస్. అను నాలుగక్షరములను చిన్నచిన్న గడులలో హాల్‌మార్కులవలె కొట్టుటచే అనేకులు వానిని వెండియని భ్రమపడుచున్నారు.

మనదేశమున ఆంగ్లేయుల కాలపు వెండిపనికి ఇంగ్లండునందువలె శుద్ధిపరీక్షాలయములు లేకుండుటచే దుకాణదారుని ముద్రయే శరణ్యము. కలకత్తాలో హామిల్టన్ వారును, భుజ్ నగరములో ఊమర్సీ మావ్‌జీయును, మదరాసు మౌంటురోడ్డున పి. ఓర్ అండ్ సన్స్ వారును చేయించిన టీపాట్లు నేడు విదేశపు సంగ్రాహకులు వెదకి కొనునట్టివి. ఓర్ వారి పేరుతో ప్రసిద్ధమైనది స్వామి పనితనము: టీపాటు దేహమునిండ దేవతామూర్తులను ఉబ్బెత్తుగా నొత్తుట దాని లక్షణము. నాడు మన కోస్తా జిల్లాలును రాయలసీమయు మదరాసు ప్రెసిడెన్సీలోనివే కావున, అట్టి పాత్రలు తెలుగువారి యిండ్లకును చేరియుండుట అసంభావ్యము కాదు.

ఇక వెలనుగూర్చి. వెల యన ఒకటి కాదు. వేలములో పలుకునది యొకటి, దుకాణదారుడు తన లాభముతో చెప్పునది యొకటి, పోయిన వస్తువునకు బదులు తెచ్చుటకై బీమావారు లెక్కగట్టునది యొకటి; ఇందు మొదటిది కనిష్ఠముగను, చివరిది గరిష్ఠముగను ఉండుట పరిపాటి. అమ్మువాడు కోరిన ధరనుబట్టి గాక, అట్టిదే వస్తువు నిజముగా అమ్ముడుపోయిన ధరనుబట్టి లెక్కింపవలెను. వయస్సు మాత్రమే వెలను పెంచదు. పూర్ణత, అరుదుదనము, పనివాని పేరు, ఎవరియింటినుండి వచ్చినదను ఆధారము, ఆనాటి కోరిక: ఈ యైదును కలిసినప్పుడే వెల నిలుచును. విక్టోరియా కాలపు పూలబొమ్మల టీసెట్లు నూఱేండ్లు దాటియు స్వల్పధరకే పోవుట, అవి లెక్కకు మిక్కిలిగా తయారగుటచేతను, అట్టివానితో తేనీటివిందు చేయు ఆచారము సన్నగిల్లుటచేతను జరుగుచున్నది. అందుకు ప్రతిగా, 1915లో జన్మించి 1996లో గతించిన గూ జింగ్జౌ అను యీషింగ్ శిల్పి చేసిన టీపాట్లు అంత పాతవి కాకయు చీనా వేలములలో కోటి యువాన్లను మించి పలికినవి.

దోషముల విషయమున ఒక సూక్ష్మము కలదు. ఎక్కడబడిన నక్కడ దొరకు పాత్రకు కొమ్ముకొన పెచ్చూడినను, మూత పోయినను, దాని వెలలో అధికభాగము పోవును. ఏలయన కొనువానికి నిర్దోషమైన మఱియొకటి సులభముగా లభించును. ఏకైకమైన పాత్రకు అట్టి ప్రత్యామ్నాయము లేదు గనుక, బార్ట్‌లమ్ టీపాటు మూతలేకయే ఆ ధరను పొందెను. బాగుచేసిన దోషమును దాచుట మాత్రము ద్రోహము. అతినీలలోహిత దీపముక్రింద నూతనపు పూత వేఱువన్నెతో వెలుగుటచే అది బయటపడక మానదు. వెండిపాత్రకు తూకపువెల యొకటి ఆధారముగా నుండును. వెండిపూత పాత్రకు అదియు లేదు. శాసనములనుకూడ మఱవరాదు: 1972 నాటి చట్టముప్రకారము నూఱేండ్లు నిండిన కళావస్తువును అనుమతి లేక మనదేశమునుండి ఎగుమతి చేయరాదు; వేడి చేతికి తగులకుండుటకై వెండిటీపాట్ల పిడులకు తొడిగిన దంతపు బిళ్లలు నిజముగా ఏనుగుదంతమే యైనచో, దంతపు క్రయవిక్రయములు నిషిద్ధములు.

ఇన్ని మార్గములను పరిశీలించినపిమ్మట తేలునదేమనగా, ఏ మార్గమును ఒంటరిగా చాలదు. మన్ను, పూత, పనితనము మొదట పలుకవలెను, రూపము వానిని సమర్థింపవలెను, ముద్ర చివర వచ్చి సంతకము చేయవలెను. మూడును ఏకీభవించినచోట నిశ్చయము. రెండు మాత్రమే కలిసినచోట సంభావ్యత. ముద్ర యొక్కటియే నిలిచినచోట సందేహము. నిజాయితీ గల పరీక్షకుడు తన యభిప్రాయమును ఈ తారతమ్యముతోనే వ్రాసియిచ్చును. చేతనున్నవారు చేయదగినది స్వల్పము: పులుసుతోను బూడిదతోను తోమి గుర్తులను అరగదీయకుండుట, విరిగిన ముక్కలను మూతను పారవేయకుండుట, అడుగును లోపలిభాగమును ఫొటో తీసియుంచుట, దొరకిన చోటును వ్రాసిపెట్టుకొనుట. పోల్చుకొనుటకు మన చెంతనే హైదరాబాదులో సాలార్‌జంగ్ మ్యూజియము కలదు. డ్రెస్డెన్, సేవ్ర్, వెడ్జ్‌వుడ్, చీనా పింగాణులను అచట కన్నులార చూచి దృష్టిని సానబట్టుకొనవచ్చును.

ఈ విద్య సంగ్రాహకుల గుప్తధనముగా నుండుట న్యాయము కాదు. అమ్మువానికి తెలియక కొనువానికి మాత్రమే తెలిసినచోట జరుగునది వ్యాపారముకంటె అజ్ఞానముపై విధించిన సుంకమే యగును. మన యిండ్లలోని పాత వెండి తూకమునకు అమ్ముడై కంసాలి మూసలో కరుగుచున్నది; పనితనపు విలువ అంతయు అచటనే నశించుచున్నది. పాత్రను త్రాసులో పెట్టకముందు దాని యడుగును ఒకసారి వెలుతురులో చూచునలవాటు ప్రతి గృహస్థునకు కలిగినచో, ఆ విలువలో ఎంతో కొంత మిగులును. మ్యూజియములవారును, విశ్వవిద్యాలయములవారును తమ సంగ్రహములలోని ముద్రలను, పూతలను, అతుకులను తెలుగులో సచిత్రముగా ప్రకటింపవలసిన యావశ్యకత యిందుచేతనే కలుగుచున్నది. ఆ పని యెంత త్వరగా జరిగిన అంత మేలు.